పాత హైబ్రిడ్ కారుకు చౌక బ్యాటరీ: వరంగల్ ఎండలో ఏది నిలబడుతుంది? (కేస్ స్టడీ)

కారు: పెట్రోల్ హైబ్రిడ్, పెద్ద సెడాన్, 2014 మోడల్. రెండో ఓనరు చేతిలో ఉంది. లక్షన్నర కిలోమీటర్లు దాటింది.
బ్యాటరీ: నికెల్ మెటల్ హైడ్రైడ్. 34 మాడ్యూళ్లు (కొన్ని సెల్స్‌ను కలిపి కట్టిన చిన్న పెట్టెలు), మొత్తం 244.8 వోల్టులు, 6.5 ఆంపియర్ అవర్. వెనక సీటు వెనకాల ఉంటుంది.
ఓనరు: ఎనుమాముల మార్కెట్‌లో పత్తి అడ్తిదారు. జమ్మికుంట, పరకాల, భూపాలపల్లి వైపు రోజూ తిరుగుడే.
కంప్లయింట్: డ్యాష్‌బోర్డు మీద హైబ్రిడ్ వార్నింగ్, వెనక సీటు దగ్గర ఫ్యాన్ మోత, మైలేజీ సగానికి పడిపోవడం.

కారు కంపెనీ పేరు రాయడం లేదు. ఇక్కడ కంపెనీ తప్పేమీ లేదు. పదేళ్ల వయసూ, దుమ్మూ కలిసి చేసిన పని ఇది.

సేటు కారు దిగుతూనే అన్న మాట ఇది: "షోరూమోళ్లు మొత్తం బ్యాటరీ మార్చాలె అంటున్నరు. గన్ని పైసలు పెడితే ఇంకో పాత కారే వస్తది. సోలార్ దుకాణం పిలగాడు లిథియం సెల్స్ కడితే అగ్గువల అయిపోతది అంటున్నడు. నిజమేనా అన్నా?"

ఈ ప్రశ్న ఇప్పుడు మా షాపుకు తరచుగా వస్తోంది. పదేళ్ల కిందటి హైబ్రిడ్లు సెకండ్ హ్యాండ్‌లో తక్కువ ధరకు దొరుకుతున్నాయి కాబట్టి జిల్లాల్లోకి వచ్చేశాయి. బ్యాటరీ పోయేది ఇక్కడికి వచ్చాకే. అందుకే ఈ కేసు వివరంగా రాస్తున్నాను. సోలార్ పిలగాడు చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది. కానీ ఏ లిథియం, ఎన్ని సెల్స్, ఎవరి కంట్రోల్‌లో అన్నది తేల్చకుండా కడితే సేటు డబ్బులు మట్టిలో పోసినట్టే.

ముందు చూసింది పెద్ద బ్యాటరీని కాదు

హైబ్రిడ్ కారు వార్నింగ్‌తో వస్తే మొదట డిక్కీలోని 12 వోల్టుల చిన్న బ్యాటరీ చూడాలి. అది వీక్ అయితే కంప్యూటర్లు సరిగ్గా లేవవు, సంబంధం లేని కోడ్‌లు పది పడతాయి. ఈ కారులో చిన్న బ్యాటరీ బాగానే ఉంది. స్కానర్ పెడితే పీ0ఏ80 వచ్చింది. అంటే హైబ్రిడ్ బ్యాటరీ ప్యాక్ మార్చమని కారు చెబుతోంది. చాలా చోట్ల పరీక్ష ఇక్కడితో ఆగిపోయి కొటేషన్ మొదలవుతుంది.

కోడ్ కన్నా లైవ్ డేటా ఎక్కువ చెబుతుంది. ఈ ప్యాక్‌లో రెండేసి మాడ్యూళ్లను ఒక బ్లాక్‌గా లెక్కేసి, 17 బ్లాకుల వోల్టేజీని కంప్యూటర్ విడివిడిగా చూస్తుంది. కారు ఊరికే ఉన్నప్పుడు అన్నీ 15.6, 15.8 దగ్గర ఉన్నాయి. ఇంత బాగుంటే తప్పెక్కడుందని ఎవరికైనా అనిపిస్తుంది. అప్పుడు లోడ్ ఇచ్చాం. బ్రేకు గట్టిగా తొక్కి పట్టి యాక్సిలరేటర్ నొక్కగానే చాలా బ్లాకులు 14.3 దగ్గర నిలబడ్డాయి. మధ్యలో ఉన్న ఎనిమిది, తొమ్మిది నంబర్లు 12 కిందికి జారిపోయాయి. కాలు తీయగానే మళ్లీ మామూలయ్యాయి. మల్టీమీటర్ ఒక్కటే పట్టుకుని చూసేవాళ్లకు ఈ లోపం ఎప్పటికీ దొరకదు.

మధ్య మాడ్యూళ్లే ముందు పోవడానికి కారణం వేడి. చివర్లలో ఉన్నవాటికి ఒక పక్క గాలి ఆడుతుంది, నడుమ ఉన్నవాటికి రెండు పక్కలా వేడి మాడ్యూళ్లే. అయితే వేడి ఇంత ఎందుకు పెరిగింది?

ఈ బ్యాటరీని చల్లబరిచేది కారు లోపలి గాలి. వెనక సీటు పక్కన చిన్న జాలీ ఉంటుంది, అక్కడినుంచి ఫ్యాన్ గాలిని లాగి మాడ్యూళ్ల మధ్యకు పంపుతుంది. సేటు కారులో వెనక సీటు అంటే పత్తి శాంపిళ్ల చోటు. సంచుల్లోనుంచి రాలిన దూది అంతా ఆ జాలీలోకే పోయింది. ఫ్యాన్ విప్పి చూస్తే రెక్కల మధ్య సందు కనబడలేదు. దూది నిండి, దాని మీద భూపాలపల్లి రోడ్ల బొగ్గు దుమ్ము పట్టి, నల్లగా గట్టిపడి ఉంది. స్క్రూడ్రైవర్ మొనతో లేపితే రెక్క ఆకారంలోనే పొరగా ఊడి వచ్చింది. ఫ్యాన్ మోత అందుకే. గాలి లోపలికి పోవడం లేదు కాబట్టి కంప్యూటర్ స్పీడ్ పెంచుతూ పోయింది, బ్యాటరీ మాత్రం ఉడికిపోయింది.

దీనికి తోడు డ్రైవర్ అలవాటు ఒకటి. యార్డులో ఎండలో కారు ఆపి, తిరిగి బయలుదేరేటప్పుడు పెట్రోల్ మిగులుతుందని కొంతదూరం ఏసీ వేయడు. మే నెలలో ఎండలో మూసి ఉన్న కారులో గాలి 60 డిగ్రీలు దాటుతుంది. అదే గాలి బ్యాటరీకి చల్లదనం ఇవ్వాలి! నికెల్ బ్యాటరీ 45 డిగ్రీలు దాటితే ఛార్జ్ సరిగ్గా తీసుకోదు, ఇచ్చిన కరెంటులో చాలా భాగం మళ్లీ వేడిగానే మారుతుంది.

విప్పినప్పుడు

హైబ్రిడ్ పని కొత్తగా నేర్చుకుంటున్న తమ్ముళ్లు ఈ భాగం దయచేసి దాటేయొద్దు. నారింజ రంగు సర్వీస్ ప్లగ్ పీకిన తర్వాత దాన్ని నా జేబులో పెట్టుకుంటాను, టేబుల్ మీద పెట్టను. ఎవరూ పొరపాటున తిరిగి పెట్టకూడదు. ఇన్వర్టర్‌లోని కెపాసిటర్లు ఖాళీ కావడానికి పది నిమిషాలు ఆగాలి, తర్వాత మీటర్‌తో సున్నా చూసుకోవాలి. చేతులకు 1000 వోల్టుల రబ్బరు గ్లవ్స్, పైన తోలు గ్లవ్స్. ప్లగ్ పీకితే ప్యాక్ రెండు ముక్కలవుతుంది, అంతే. ఒక్కో ముక్కలో ప్రాణం తీసేంత డీసీ వోల్టేజీ అలాగే ఉంటుంది.

మూత తీస్తే మాడ్యూళ్లను కలిపే రాగి పట్టీల మీద పచ్చటి చిలుము పట్టి ఉంది. కొన్ని ప్యాకులు ఈ పట్టీలు శుభ్రం చేస్తేనే కోలుకుంటాయి. ఇక్కడ అది చాలదని బెంచ్ టెస్టులో తేలింది. ఒక్కో మాడ్యూల్‌ను ఛార్జ్ చేసి, 6 వోల్టులదాకా ఖాళీ చేసి ఎంత ఇచ్చిందో రాసుకున్నాం. ఛార్జ్ చేసేటప్పుడు మాడ్యూళ్లు ఉబ్బుతాయి, కాబట్టి రెండు పక్కలా బిగించి ఉంచాలి. చివర్లలోనివి 5 ఆంపియర్ అవర్ల చిల్లర ఇచ్చాయి. మధ్యలోవి 2 కూడా ఇవ్వలేదు. మిగిలినవి ఆ రెండింటి మధ్య చెల్లాచెదురుగా ఉన్నాయి.

హైబ్రిడ్‌కు కావాల్సింది నిల్వ కాదు, దమ్ము

సేటుకు నేను కాగితం మీద రాసి చూపించిన లెక్క ఇది. 244.8 వోల్టులు, 6.5 ఆంపియర్ అవర్ అంటే దాదాపు 1.6 యూనిట్ల కరెంటు. మామూలు ఎలక్ట్రిక్ కారులో 30, 40 యూనిట్లు పడతాయి. అంటే హైబ్రిడ్ బ్యాటరీ నిల్వలో చాలా చిన్నది. పైగా కంప్యూటర్ దాన్ని దాదాపు 40 నుంచి 80 శాతం మధ్యనే ఆడిస్తుంది. కానీ కారు లేచేటప్పుడు 100 ఆంపియర్లకు పైగా లాగుతుంది, బ్రేకు వేసినప్పుడు అంతే జోరుగా తోస్తుంది. బ్యాటరీ సైజుకు అది 15 రెట్లకు పైమాటే. క్షణాల్లో ఇవ్వాలి, క్షణాల్లో తీసుకోవాలి, రోజుకు కొన్ని వందల సార్లు.

సోలార్‌కూ, ఈ-రిక్షాకూ వాడే లిథియం సెల్స్ చౌకగా దొరకడానికి కారణం అవి నింపాదిగా పనిచేసే రకం కావడం. వాటి సైజుకు ఒక రెట్టు, మహా అయితే రెండు మూడు రెట్ల కరెంటుకు తయారైనవి. హైబ్రిడ్‌లో పెడితే మొదటి ఫ్లైఓవర్ ఎక్కేసరికే వోల్టేజీ కూలుతుంది. "యూనిట్‌కు ఎంత పడుతుంది" అనే లెక్క ఇన్వర్టర్‌కు సరిపోతుంది. హైబ్రిడ్‌కు "ఒక్క ఊపులో ఎన్ని కిలోవాట్లు ఇస్తుంది" అన్నదే లెక్క.

సేటు ముందు పెట్టిన దారులు

కంపెనీ కొత్త ప్యాక్. కళ్లు మూసుకుని పెట్టొచ్చు. ధరే అడ్డం, కారు విలువలో పెద్ద వాటా దానికే పోతుంది.

పాడైన మాడ్యూళ్లు మాత్రమే మార్చడం. హైదరాబాద్‌లో ప్రమాదాల కార్లనుంచి తీసిన సెకండ్ హ్యాండ్ మాడ్యూళ్లు దొరుకుతాయి. ఖర్చు చాలా తక్కువ, మార్కెట్‌లో ఎక్కువగా జరిగేదీ ఇదే. నేను దీన్ని ఎక్కువకాలం కారు ఉంచుకునేవాళ్లకు చెప్పను. మాడ్యూళ్లన్నీ ఒకే లైన్లో ఉంటాయి, అన్నిటిలోనుంచీ ఒకే కరెంటు పోతుంది. జోడెడ్ల బండికి ఒక ఎద్దు కుంటితే రెండోదాని బలం ఎందుకూ పనికిరానట్టు, బలహీనమైన మాడ్యూల్ ముందు ఖాళీ అయి, దాంట్లోని సెల్స్‌లో ప్లస్, మైనస్ తారుమారవుతాయి. ఇవాళ రెండు మారిస్తే నాలుగు నెలలకు ఇంకో రెండు. ఈ ప్యాక్‌లో మిగతా మాడ్యూళ్ల కెపాసిటీలే ఒకదానికొకటి పొంతన లేవు కాబట్టి ఈ దారి ఇక్కడ మూసుకుపోయింది.

సీసం బ్యాటరీలు. సేటు బావమరిది ఇన్వర్టర్ల వ్యాపారంలో ఉన్నాడు, ఆయన సలహా ఇది. నవ్వి తోసేయాల్సిన మాట కాదు. ఆస్ట్రేలియాలోని సీఎస్ఐఆర్ఓ సంస్థ తయారుచేసిన అల్ట్రాబ్యాటరీని ఒక హోండా ఇన్‌సైట్ హైబ్రిడ్‌లో పెట్టి, ఇంగ్లండ్‌లోని మిల్‌బ్రూక్ ట్రాక్ మీద లక్ష మైళ్లు నడిపించారు. ఆ ఫలితం 2008లో బయటికి వచ్చింది. అయితే అది మామూలు సీసం బ్యాటరీ కాదు. మామూలు సీసం బ్యాటరీని సగం ఛార్జ్‌లో ఉంచితే నెగెటివ్ ప్లేటు మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, అందుకే దాన్ని తరచూ ఫుల్ చేయాలి. హైబ్రిడ్ ఎప్పుడూ ఫుల్ చేయదు. అల్ట్రాబ్యాటరీలో నెగెటివ్ ప్లేటుకు కార్బన్ కెపాసిటర్‌ను జోడించి ఆ జబ్బును తగ్గించారు. మన దగ్గర దుకాణాల్లో దొరికే ఇన్వర్టర్ బ్యాటరీలకు ఆ గుణం లేదు, బరువు అదనం.

ఇక మిగిలినవి మూడు: వేరే తయారీదారుల కొత్త నికెల్ మాడ్యూళ్లు, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ (ఎల్‌ఎఫ్‌పీ), సోడియం అయాన్. అసలు చర్చ ఇక్కడే.

ఎన్ని సెల్స్ అన్న దగ్గరే తేలిపోతుంది

ఒక బ్లాక్ అంటే 12 నికెల్ సెల్స్. లేబుల్ మీద 14.4 వోల్టులని ఉన్నా, సగం పైన ఛార్జ్‌లో ఉన్నప్పుడు ఒక్కో సెల్ 1.3 దగ్గర ఉండి బ్లాక్ 15.6 చూపిస్తుంది. కంప్యూటర్ చూడాలనుకునే నంబర్ అదే. ఎల్‌ఎఫ్‌పీ సెల్ 3.2, 3.3 వోల్టులు. నాలుగు పెడితే 13 వస్తుంది, కంప్యూటర్ వెంటనే బ్యాటరీ పోయిందంటుంది. ఐదు పెడితే 16 దాటుతుంది, సరిపోతుంది. నాలుగు సెల్స్‌తో చౌకగా కట్టినవి నా దగ్గరికి రిపేరుకు వచ్చాయి కూడా.

ఐదుతో వచ్చే చిక్కు వేరే. గట్టిగా బ్రేకు వేసినప్పుడు నికెల్ బ్లాక్ వోల్టేజీ 17.5 దాకా పోతుంది, కంప్యూటర్‌కు అది మామూలే. ఐదు ఎల్‌ఎఫ్‌పీ సెల్స్‌కు పంచితే ఒక్కోటి 3.5. ఆ సెల్‌కు ఒప్పుకునే హద్దు 3.65. ఐదూ సమానంగా ఉంటే ఫరవాలేదు. ఒకటి ముందుగా నిండిపోతే అది 3.9కి పోతుంది, మిగతా నాలుగు 3.4 దగ్గరే ఉంటాయి, మొత్తం మాత్రం 17.5 చూపిస్తూనే ఉంటుంది. కంప్యూటర్‌కు బ్లాక్ మొత్తమే కనబడుతుంది, లోపలి సెల్ కనబడదు. నికెల్ సెల్ కొంచెం ఎక్కువ ఛార్జ్ అయితే లోపలే ఆక్సిజన్ తిరిగి కలిసిపోయి వేడిగా మారుతుంది, సెల్ బతికిపోతుంది. అందుకే పాత హైబ్రిడ్ ప్యాకుల్లో సెల్స్‌ను ఒకే మట్టంలో ఉంచే బ్యాలెన్సింగ్ బోర్డులు లేవు. లిథియంకు ఆ ఓర్పు లేదు, ప్రతి బ్లాక్‌కూ బోర్డు కావాలి. ఆ బోర్డు మన ఎండకు, అంత ఇరుకులో, ఏళ్ల తరబడి నిలబడాలి.

ఎల్‌ఎఫ్‌పీ చెడ్డదని నేను అనడం లేదు. లిథియం రకాల్లో అంత తేలిగ్గా అంటుకోని రసాయనం అది, తూకం కూడా తక్కువ. కారు తయారీలోనే లిథియంకు తగ్గ కంప్యూటర్ పెట్టినప్పుడు ఏ బాధా లేదు. 2022లో వచ్చిన గ్రాండ్ విటారా, హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్లలో ఉన్నది లిథియం అయాన్ ప్యాకే, ముప్పావు యూనిట్ సైజులో. అదే సమయంలో, 2022 చివర్లో బయటికి వచ్చిన ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్‌లో మళ్లీ నికెల్ మెటల్ హైడ్రైడే పెట్టారు, 168 సెల్స్‌తో. 1997 ప్రియస్‌తో మొదలైన రసాయనం పాతికేళ్ల తర్వాత కూడా కొత్త కారులోకి వచ్చిందంటే దానికున్న ఓర్పును తయారీదారులు ఎంత నమ్ముతున్నారో తెలుస్తోంది. చిక్కంతా నికెల్ కోసం రాసిన కంప్యూటర్ కింద లిథియం పెట్టడంలోనే ఉంది.

చేసిన పని

కొత్త నికెల్ మాడ్యూళ్ల సెట్ తెప్పించాం. లోపల గుండ్రటి సెల్స్, బయట పాత మాడ్యూల్ కొలతలే. గుండ్రటి సెల్స్ మధ్య సందులుంటాయి కాబట్టి గాలి బాగా ఆడుతుంది. దిగుమతి, పన్ను, మా కూలీ కలుపుకుని షోరూమ్ కొటేషన్‌లో సగం కన్నా తక్కువే అయింది.

బిగించే ముందు మాడ్యూళ్లన్నిటినీ సమాంతరంగా కలిపి ఒక రాత్రి వదిలేశాం, అన్నీ ఒకే మట్టానికి రావడానికి. రాగి పట్టీలను వెనిగర్‌లో నానబెట్టి, కడిగి, ఆరబెట్టి, నట్లను టార్క్ రెంచ్‌తోనే బిగించాం. ఆ నట్లకు అయిదారు న్యూటన్ మీటర్లు చాలు. చేతి అంచనాతో బిగిస్తే మాడ్యూల్ స్టడ్ తిరిగిపోతుంది, కొత్త మాడ్యూల్ అక్కడికక్కడే వేస్టు. ఉష్ణోగ్రత సెన్సార్లను మాడ్యూల్‌కు ఆనేలా కూర్చోబెట్టడం మీద ఎక్కువ సమయం పెట్టాం. గుండ్రటి సెల్స్ ఉన్న కేసులకు అడుగు పూర్తిగా చదునుగా ఉండదు. సెన్సార్ గాలిలో వేలాడితే చల్లగా చూపిస్తుంది, ఫ్యాన్ తిరగదు.

ఫ్యాన్ కడిగి, జాలీ మీద ఊడదీసి ఉతుక్కునే సన్నటి మెష్ పెట్టాం. మరీ దట్టమైనది పెడితే గాలే ఆగిపోతుంది. ఏసీ సంగతి డ్రైవర్‌కు సేటు ఎదుటే చెప్పాం: ఎండలో ఆపిన కారు ఎక్కగానే అద్దాలు దించి వేడిగాలి పోనివ్వాలి, తర్వాత ఏసీ. శాంపిళ్లు డిక్కీలోకి మారాయి.

తర్వాత అదే లోడ్ టెస్టులో 17 బ్లాకుల మధ్య తేడా 0.2 వోల్టులకు మించలేదు. వార్నింగ్ పోయింది. మొన్న మే నెలలో మధ్యాహ్నం జమ్మికుంటనుంచి వచ్చిన వెంటనే స్కానర్ పెట్టి చూస్తే మధ్య సెన్సార్ 43 డిగ్రీలు చూపించింది. రిపేరుకు ముందు ఎండ ఇంకా ముదరని రోజుల్లోనే అది 55 దాటేది. మైలేజీ మునుపటి లెక్కకు వచ్చిందని సేటు చెప్పాడు.

ఇన్సూరెన్స్ గురించి ఒక మాట. బ్యాటరీ రసాయనం మారకపోయినా, వేరే తయారీ మాడ్యూళ్లు పెట్టినట్టు బీమా కంపెనీకి ముందే రాతపూర్వకంగా తెలియజేయించాను. పాత మాడ్యూళ్లలో పనికొచ్చేవి కెపాసిటీ రాసి పక్కన పెట్టాం. మిగిలినవి రిజిస్టర్డ్ రీసైక్లర్‌కే పోవాలి, 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు చెప్పేదీ అదే. తుక్కు దుకాణంలో పడేస్తే నికెల్, లాంతనం లాంటి విలువైన లోహాలతో పాటు కాస్టిక్ పొటాష్ నీళ్లు కూడా మట్టిలోకి పోతాయి.

సోడియం ఎందుకు కాలేదు, ఎప్పుడవుతుంది

నా మనసు సోడియం మీదే ఉంది. ఆశతో చెప్పడం కాదు, లెక్క అలా కుదురుతోంది. సోడియం అయాన్ సెల్ లేబుల్ మీద 3 వోల్టుల పైన ఉంటుంది. ఐదు పెడితే 15, 15.5 వస్తుంది, నికెల్ బ్లాక్‌కు దాదాపు సమానం. పై హద్దు ఒక్కో సెల్‌కు 4 వోల్టుల దగ్గర, అంటే బ్లాక్‌కు 20. బ్రేకు వేసినప్పుడు వచ్చే 17.5కు చాలా ఖాళీ మిగులుతుంది. కింద 1.5 దాకా దిగినా సెల్ పాడవదు. పాత కంప్యూటర్ ఎక్కడ ఆడించినా రెండు వైపులా చోటుంటుంది. ఎల్‌ఎఫ్‌పీకి లేనిది ఇదే.

షాపులో ఐదు సోడియం సెల్స్ ఒక వరసగా, ఐదు ఎల్‌ఎఫ్‌పీ ఇంకో వరసగా పెట్టి, రెంటికీ హెడ్‌లైట్ బల్బులు లోడ్‌గా ఇచ్చాం. ఎల్‌ఎఫ్‌పీ మీటర్ 16 దగ్గర కదలకుండా ఉండి, చివర్లో ఒక్కసారిగా పడిపోయింది. సోడియం మొదటినుంచీ మెల్లగా దిగుతూ వచ్చింది, ఎంత మిగిలిందో వోల్టేజీ చూసి చెప్పొచ్చు. హైబ్రిడ్ కంప్యూటర్‌కు ఇది చాలా మేలు. కరెంటును లెక్కేస్తూ తప్పిపోయినప్పుడు అది సరిచూసుకునేది వోల్టేజీతోనే.

లోపల లిథియం, కోబాల్ట్ లేవు. రాగి రేకు బదులు రెండు వైపులా అల్యూమినియం రేకే. పూర్తిగా సున్నా వోల్టులకు దించి రవాణా చేయొచ్చు, గోడౌన్‌లో ఉంచడం కూడా భయం లేని పని. చైనా బ్యాటరీ కంపెనీ సీఏటీఎల్ 2021లో కిలోకు 160 వాట్ అవర్ల సెల్ చూపించింది. రిలయన్స్ 2021 చివర్లో బ్రిటన్ సోడియం కంపెనీ ఫారడియాన్‌ను కొంటున్నట్టు ప్రకటించింది. పుణెలోని కేపీఐటీ 2023 డిసెంబరులో తన సోడియం టెక్నాలజీని బయటపెట్టింది. మన రాష్ట్రంలో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమర రాజా 9,500 కోట్లతో సెల్ ఫ్యాక్టరీకి 2022 డిసెంబరులో ఒప్పందం చేసుకుంది, అది లిథియం సెల్స్ కోసం.

మరి సేటు కారులో ఎందుకు పెట్టలేదు? చేతికి దొరికిన సోడియం సెల్స్ నెమ్మది రకం. బల్బులకు బాగానే ఉన్నాయి గానీ, లోడ్ 20 ఆంపియర్లు దాటించగానే వోల్టేజీ చప్పున జారింది, సెల్ వేడెక్కింది. సైజుకు 15 రెట్లు ఇచ్చే సోడియం సెల్ చిల్లరగా నా చేతికి రాలేదు. ధరలో కూడా ఎల్‌ఎఫ్‌పీ ఈ మధ్య బాగా దిగడంతో సోడియంకు ఇంకా పెద్ద తేడా రాలేదు. అయినా ఒకటిన్నర యూనిట్ల ప్యాక్‌లో సెల్ ధర చిన్న భాగమే. కేసు, బోర్డు, పని, వారంటీ, ఇవే బిల్లులో ఎక్కువ.

జోరు సెల్ చేతికొస్తే నేను ముందు ఒకే బ్లాక్ కట్టి, 50 డిగ్రీల పెట్టెలో పెట్టి, 100 ఆంపియర్ల ఊపులు ఇచ్చి చూస్తాను. అందులో వోల్టేజీ 12 కిందికి పోకుండా, సెల్స్ మధ్య తేడా పెరగకుండా ఉంటేనే 17 బ్లాకులు కట్టి మా షాపు కారులో తిప్పుతాను. ఒక ఎండాకాలం గడిచాకే కస్టమర్ కారుకు.